కింది బుట్ట

పెళ్ళయిన కొత్తలో మనిషికి ప్రతిదీ ముద్దుగానే కనిపిస్తుంది. దస్తగిరికి మరీను. మున్నీ బీ జొన్నరొట్టె తడుతుంటే గాజులు మోచేతి దాకా జారడం ముద్దు. పిండి అంటిన వేలితో ఆమె ముక్కు గోక్కుంటే, ఆ ముక్కు మీద మిగిలిన తెల్లటి మచ్చ ఇంకా ముద్దు. మద్రాసులో బి.ఏ. చదివి, కడపలో బడిపంతులు ఉద్యోగం సంపాదించుకుని, వేసవి సెలవుల్లో పెళ్ళి చేసుకున్న మనిషి. ఇన్నేళ్ళూ పుస్తకాల్లో తల దూర్చి ఏమేం పోగొట్టుకున్నాడో ఇప్పుడొక్కొక్కటే ఏరుకుంటున్నాడు.

పెళ్ళయ్యాక వరసగా ఐదు శుక్రవారాలు ఆడపిల్లవాళ్ళు అల్లుణ్ణి పిలిచి విందు పెట్టాలి. దాన్ని జుమాగి అంటారు. కడప నుంచి వారం వారం ఎక్కడ వచ్చిపోతాడని మామ బుడేన్ సాహెబ్ అల్లుణ్ణి కుందూ ఒడ్డున ఉన్న తమ ఊళ్ళోనే ఉంచేసుకున్నాడు. జుమాగి ముగిసేదాకా అల్లుడికి ఎవరూ ఎదురు చెప్పకూడదు. అదొక మర్యాద. ఒకరోజు దస్తగిరి తమాషాకి, గోడ మీద కూస్తున్న కోడిపుంజును చూపించి, "ఈ పెట్ట బాగుందే" అన్నాడు. అత్త తల పైకెత్తి దాని తురాయిని తేరిపార చూసి, "అవు నాయనా, గుడ్లు గూడా బాగా పెడతాది" అంది. మున్నీ నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

మొదటి శుక్రవారం చింతచిగురు వేసిన రొయ్యల కూర వడ్డించారు. దస్తగిరి వేళ్ళు నాకేసి, "ఎక్కడివి ఇవి?" అన్నాడు.

"మన సందు చివర పీరమ్మవ్వ తెచ్చిచ్చింది" అంది అత్త. పీరమ్మ ముసలిది. ముందూ వెనకా ఎవరూ లేరు. కుందూలో బుట్ట పెట్టి రొయ్యలు పట్టి, ఇంటింటికీ ఇచ్చి, జొన్నలు కొలిపించుకుని బతుకుతుంది. నోరు మాత్రం ఊరంతటికీ సరిపడా ఉంది. ఆమె ఏటి నుంచి వస్తుంటే ఎదురొచ్చిన బర్రెకూ తిట్లే, మనిషికీ తిట్లే.

"ఇకమీద మన ఇంటికి రొయ్యలు నేను పడతాను" అన్నాడు దస్తగిరి, పెళ్ళాం వైపు చూస్తూ.

"మీరా?" అంది మున్నీ. "కడప జిల్లాకి పోయే నీళ్ళే గదా ఇవి. కిందోళ్ళు మీరు. మేము వదిలిపెట్టిందే మీకొచ్చేది."

ఆ మాటతో పందెం కుదిరినట్టయింది.

మరుసటి రోజు నుంచి ఇంటి వెనక వేపచెట్టు నీడలో మొగుడూ పెళ్ళాం బుట్ట కట్టడంలో పడ్డారు. వెదురును సన్నటి బద్దలుగా చీల్చి, పొడుగ్గా పీపాలాగా నిలబెట్టి, చుట్టూ వలయాలు వేసి బిగించాలి. ఒక మూతిలో గరాటులాంటి గొంతు దించాలి. బయటి నుంచి వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ ఇరుకుగా. బద్దల కొసలు లోపల పళ్ళలాగా నిలబడాలి. లోపలికి దూరిన రొయ్యకు మళ్ళీ ఆ సందు దొరకకూడదు. దస్తగిరి నేల మీద పుల్లతో గీసి కొలతలు చెప్పాడు. మున్నీ ఆ గీతల మీద కాలు పెట్టి చెరిపేసి, తన జానతో కొలిచింది. రెండు చేతులూ ఒకే బద్ద మీద పడినప్పుడల్లా పని కాసేపు ఆగిపోయేది.

కట్టడానికి బుడేన్ సాహెబ్ దూదేకే వింటి నుంచి తీసిన పాత నారి ఇచ్చాడు. మేకపేగుతో పేనిన నారి, లాగితే టంగుమనేది. అంత గట్టి తాడు ఊళ్ళో ఇంకోటి లేదని మామ నమ్మకం. తీరా ఏట్లో వేసిన మరుసటి పొద్దున చూస్తే నారి నానిపోయి, రొయ్యలు దాన్ని నమిలి తిని, బుట్ట విడిపోయి బద్దలు నీళ్ళ మీద తేలుతున్నాయి.

ఆ మేకపేగు దగ్గర దస్తగిరి ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ వేపచెట్టు కింద మున్నీ నవ్వుతూ ఉంది. ఆ నవ్వు చెవిలో పడ్డాక అతను మరేమీ ఆలోచించలేదు. ఈసారి కిత్తనార తాడుతో మళ్ళీ కట్టారు.

రేవులో గొర్రెలకు నీళ్ళు పట్టే ఉరుకుందప్ప కొత్త బుట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "శానా బాగుండాది అల్లుడు సాబ్. మూతి కిందికి పెట్టండి, రొయ్య ఎదురెక్కుతాది గదా. యాడైనా పెట్టుకోండి గానీ, ఒకరి బుట్టకి కింద మాత్రం వద్దు. పైనోళ్ళ ఎర వాసన పట్టుకోని వచ్చే రొయ్యలు కిందే ఆగిపోతాయి. అది మా ఈడ మర్యాద."

"తెలుసులే ఉరుకుందప్పా" అన్నాడు దస్తగిరి. నిజానికి అప్పుడే విన్నాడు.

ఎర విషయంలో మాత్రం అతను ఎవరి మాటా వినలేదు. పీరమ్మ ఎర సంగతి మున్నీ చెప్పింది. కసాయి అంగడి నుంచి మేకపేగులు తెచ్చి, నల్లమట్టితో కలిపి, కుండలో మురగబెట్టి, ఆ ముద్ద బుట్టలో పెడుతుంది. "ఛీ ఛీ, మనం శుభ్రమైన ఎర చేద్దాం" అన్నాడు. చెనక్కాయల గానుగచెక్క దంచి, జొన్నపిండి, బెల్లం కలిపి, పెనం మీద వేయించి, మల్లుగుడ్డలో మూట కట్టాడు. చివరికి పెళ్ళికి వచ్చిన అత్తరు బుడ్డి తెరిచి రెండు చుక్కలు వేశాడు.

"ఏం సామీ, రొయ్యలకి గూడా నిఖా చేస్తాండారా?" అంది మున్నీ.

బుట్ట ఖాళీగా వచ్చింది. మర్నాడూ ఖాళీయే. మూడో రోజు ఒక పీత పిల్ల దొరికితే, దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చి పెళ్ళానికి ఇచ్చాడు. సందులో వాళ్ళెవరూ నవ్వలేదు. "పీతలు ఒంటికి మంచివి అల్లుడు సాబ్" అన్నారు.

అప్పుడు చోటు మార్చాడు. రేవుకు పైన, నది ఒక వంపు తిరిగే చోట, పెద్ద రాతిగుండ్ల మధ్య సన్నటి పాయ ఒకటి జారుతుంది. వేసవి కాబట్టి మిగతా నదంతా నిలవనీళ్ళే. ఆ పాయకు అడ్డంగా బుట్ట దించి, మూతికి రెండు వైపులా రాళ్ళు పేర్చి గోడలు కట్టాడు, పైకి ఎక్కే ప్రతి రొయ్యా తన బుట్టలోకే దూరాల్సి వచ్చేట్టుగా. పైన పెద్ద గుండు ఉంది. దాని అవతల ఏముందో తొంగి చూడలేదు. మున్నీకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ తిరిగి వచ్చేశాడు.

మరుసటి రోజు బుట్ట ఎత్తితే బరువుకి మోచేయి వణికింది. నీలంగా, గాజులాగా, మీసాలు ఆడిస్తూ, టపటప కొట్టుకుంటూ రొయ్యలు! దస్తగిరి నీళ్ళలోనే గంతు వేశాడు. ఒడ్డున మున్నీ చప్పట్లు కొట్టింది.

ఇక రోజూ అదే సంబరం. ఇంటికి కావలసినవి ఉంచుకుని మిగతావి మున్నీ చేటలో పోసుకుని ఇల్లిల్లూ తిరిగి పంచింది. "మా ఆయన పట్టినాడు" అని ప్రతి గడప దగ్గరా చెప్పడంలో ఆమెకు ఎంత సుఖమో, సందు మొదట్లో నిలబడి అది వినడంలో అతనికీ అంత సుఖం. బుడేన్ సాహెబ్ అయితే దూది ఏకుతూ వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు, "అత్తరు ఎర! బి.ఏ. చదువంటే అదీ!"

పీరమ్మ మాత్రం ఆ రోజుల్లో ఏటి నుంచి ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చేది. రొయ్యలు ఆమె బుట్టలో పడటం లేదు. పడ్డ నాలుగూ తీసుకెళ్తే, "ఇయ్యాల అల్లుడు సాబ్ ఇచ్చినాడు అవ్వా" అంటున్నారు. ఊరికే వస్తున్నప్పుడు జొన్నలెవరు కొలుస్తారు? అందులోనూ యుద్ధం రోజులు, జొన్నలకే కటకట.

ఒక సాయంత్రం ఆమె వేపచెట్టు కిందికి వచ్చి, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగింది. "నాయనా, నువ్వేం ఎర పెడతాండావో నాకు గూడా చెప్పవా? నాది పనిచేస్తా లేదు. ముసిలిదాన్నయినా, చెయ్యి మారిపోయిందేమో."

దస్తగిరి ఆమెను మంచం మీద కూర్చోబెట్టి మరీ చెప్పాడు. తన నోరు తనకే ముద్దొచ్చేలా చెప్పాడు. కుళ్ళిన పేగుల వాసనకు రొయ్యలు బెదురుతాయన్నాడు. తవుడు కాదు, మంచి జొన్నపిండే వేయాలన్నాడు. పిండి వేగితే ఆ కమ్మదనం నీళ్ళలో దూరం పోతుందన్నాడు. అత్తరు చిన్న దూదిపింజకు అద్ది ఆమె చేతిలో పెట్టాడు. పీరమ్మ దాన్ని కొంగుకొసన ముడి వేసుకుని, "నువ్వు సల్లగా ఉండు కొడకా" అని వెళ్ళింది.

"ఎంత బాగా చెప్పినారో!" అంది మున్నీ.

మరుసటి ఉదయం దస్తగిరి బుట్ట ఎత్తాడు. తేలిగ్గా పైకొచ్చింది. ఖాళీ. మూత తీసి తలకిందులు చేసి తట్టాడు. తన ఎర మూట ఎలా పెట్టింది అలాగే ఉంది, ముడి తడవడం తప్ప దానికేమీ కాలేదు.

శుక్రవారం రేపే. చివరి జుమాగి. మామ పెద్దమనుషులందరినీ అల్లుడి రొయ్యలు తినడానికి పిలిచాడు.

ఏ బర్రెలైనా నీళ్ళు కలచాయేమోనని దస్తగిరి పాయ వెంట పైకి నడిచాడు. పెద్ద గుండు దగ్గరికి రాగానే అతని ముక్కుకు అత్తరు వాసన తగిలింది. తన పెళ్ళి అత్తరే. గాలి నదిమీదుగా పైనుంచి వీస్తోంది. గుండు అవతలికి తొంగి చూశాడు. మోకాటి లోతు నీళ్ళలో పీరమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో నీళ్ళు కారుతున్న పాత బుట్ట. అదీ ఖాళీయే.

"వచ్చినావా నాయనా" అంది. "నువ్వు చెప్పినట్టే చేసినా. ఉన్న పిండంతా వేయించి పెట్టినా. సాల్లేదేమో. ఇంక కుండలో పిండి లేదు."

దస్తగిరి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె బుట్ట పెట్టిన చోటి నుంచి పాయ గుండు పక్కగా తిరిగి, సూటిగా తను కట్టిన రాతిగోడల మధ్యకు జారుతోంది. మరో దారి లేదు. ఇన్నాళ్ళూ రొయ్యలు ఎదురెక్కి వచ్చింది ఆ మురిగిన మేకపేగుల కోసం. దారిలో తన బుట్ట నోరు తెరుచుకుని కూర్చుంది. నిన్న ఆమె ఎర మార్చింది, రొయ్యలు రావడం మానేశాయి. అతని చెవులు వేడెక్కాయి. మెడ, చెంపలు, కళ్ళ వెనక అంతా వేడి. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి తను ఆడిన ప్రతి మాటా మళ్ళీ వినిపించింది, తన గొంతుతోనే.

అప్పుడే చెప్పేయవలసింది. నోరు తెరిచాడు కూడా. "అవ్వా," అన్నాడు, "నీ పాత ఎరే పెట్టు. అదే మంచిది."

అంతే. తర్వాతి మాట రాలేదు. రేపటి విందు, మామ ముఖం, చేట పట్టుకుని గడప గడపకూ తిరిగిన మున్నీ, ఇవన్నీ అడ్డం పడ్డాయి. ఇంకో సంగతీ ఉంది, తను కూడా చూడటానికి ఇష్టపడనిది. ముసలామె మేకపేగులు పెడితే, కింద తన బుట్ట రేపు ఉదయానికి నిండుతుంది.

బుట్టను తీయకుండా ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం మున్నీ పొయ్యి దగ్గర కూర్చుని, "పీరమ్మవ్వ నిప్పుకి రాలేదు ఇయ్యాల" అంది. రోజూ పొయ్యి రాజేసే వేళకు ఆ ముసలామె పిడక ముక్క తెచ్చి వీళ్ళ పొయ్యిలోంచి నిప్పు తీసుకెళ్తుంది. "యాడైనా తిని ఉంటాదిలే" అని మున్నీ తనకు తనే చెప్పుకుంది. దస్తగిరి రొట్టె తుంచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

తెల్లవారి బుట్ట నిండుగా ఉంది.

జుమ్మా నమాజు తర్వాత జంఖానా పరిచి అందరినీ కూర్చోబెట్టారు. అరుగు మీద ఉరుకుందప్ప, వంటింటి గడప దగ్గర ఆడవాళ్ళు, వాళ్ళలో పీరమ్మ. "అల్లుడు సాబ్ రొయ్యలు, పెట్టించుకో అవ్వా" అని అత్త ఆమె పళ్ళెంలో ముందుగా వడ్డించింది. పీరమ్మ ఆకలి మనిషి లాగా ముద్ద కలిపి, దస్తగిరి వైపు చూసి నవ్వింది. "మంచి చెయ్యి కొడకా నీది."

బుడేన్ సాహెబ్ కొత్త రుమాలు తెచ్చి అల్లుడి తలకు చుట్టబోతుంటే, అతను లేచి నిలబడ్డాడు.

"ఈ రొయ్యలు నావి కావు" అన్నాడు. "నేను అవ్వ బుట్టకు కింద బుట్ట పెట్టాను. ఆమె ఎరకు వచ్చినవాటిని ఇన్నాళ్ళూ నేను పట్టుకున్నాను. నా ఎరకు ఒక్కటి కూడా రాలేదు."

బుడేన్ సాహెబ్ గట్టిగా నవ్వాడు. "సూసినారా, చదువుకున్నోళ్ళ వినయం!"

"ఆ గుండు కాడ నీళ్ళు ఎట్ల తిరుగుతాయో ఎవురికి తెలుసు అల్లుడు సాబ్" అన్నాడు ఉరుకుందప్ప. తలగుడ్డ సర్దుకుంటూ, "నా గొర్రెలే ఆమె బుట్ట తొక్కింటాయి. తప్పు నాది."

"కూరలో పులుపు ఎక్కువైంది, అందుకే అట్ల అంటాండాడు. తప్పు నాది నాయనా" అంది అత్త, దాదాపు ఏడుస్తూ.

తప్పును తలా ఒక ముక్క పంచుకుని తీసేసుకున్నారు. అతనికి ఏమీ మిగల్చలేదు. దస్తగిరి పీరమ్మ వైపు తిరిగాడు. ఆమె మాత్రం నమ్మింది. ఆమె వేళ్ళు పళ్ళెంలో ఆగిపోయాయి. రొయ్యలను ఒక్కొక్కటిగా పక్కకు జరిపి, ఒట్టి రొట్టె తుంచుకుంది.

"కొత్త అల్లుడు. ఏం తప్పులేదు" అంది, తల ఎత్తకుండా. "కూసోని తిను నాయనా."

కొత్త రుమాలు తలకు చుట్టారు. నిప్పుల కుంపటి పెట్టినట్టుంది.

అందరూ వెళ్ళాక మున్నీ పెరట్లో గిన్నెలు తోముతోంది. దస్తగిరి వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె బూడిద చేతులతో గిన్నె రుద్దుతూనే ఉంది.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"నిన్న పొద్దున."

గిన్నె ఆగింది. "తెలిసీ ఈ పొద్దు బుట్ట ఎత్తుకోనొచ్చినావు." పెళ్ళయ్యాక మొదటిసారి నువ్వు అంది. "దాన్ని సూసి నేను గంతులేసినా. చిగురు కోసినా. ఆ ముసిల్ది నిన్న నిప్పుకి రాలేదని నీకు చెప్పినా గూడా."

"మున్నీ..."

"ఇంటింటికీ పోయి మా ఆయన మా ఆయన అని పంచింది నేను. ఆమె కూడు నేనే పంచినా. రేపు ఆ సందులో యా మొగం పెట్టుకోని నడిచేది?"

ఆమె ముక్కు మీద బూడిద మచ్చ ఉంది. దాన్ని తుడవడానికి చెయ్యి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే దస్తగిరి పాయలో దిగి తన రాతిగోడలు పడగొట్టాడు. బుట్టను ఒడ్డుకు లాగి కిత్తనార ముడులు కోసేశాడు. తర్వాత కసాయి అంగడికి వెళ్ళి మేకపేగులు అడిగి, పాత కుండలో నింపించుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని బజారు మధ్యగా నడిచాడు. కాళ్ళకు ఇంకా పెళ్ళి చెప్పులే. ఈగలు వెంటపడ్డాయి. ఎవరైనా నవ్వుతారని చూశాడు. ఎవరూ నవ్వలేదు. గడపల్లో కూర్చున్నవాళ్ళు మర్యాదగా వేరే వైపు చూశారు. ఒకరిద్దరు సలాం కూడా చేశారు.

పీరమ్మ గుండు దగ్గర బుట్ట సర్దుకుంటోంది. అందులో నిన్నటి పాత ఎర ముద్ద కాస్త అడుగున మిగిలి ఉంది. దస్తగిరి కుండ దించి, చొక్కా చేతులు మడిచి, నీళ్ళలో దిగాడు. ఒక చేత్తో ఆమె బుట్ట పట్టుకుని, ఇంకో చేత్తో ఆ ముద్ద అందుకోబోయాడు.

"ఆ అత్తరు చేతుల్తో నా ఎర ముట్టద్దు రా గాడిదా!"

అనేసి, పీరమ్మ చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నీళ్ళు గుండుకు తగిలి జారుతున్నాయి.

"జుమాగి అయిపోయిందా?" అంది ఆమె మెల్లగా.

"నిన్నటితో అయిపోయింది అవ్వా."

పీరమ్మ కొంగు తీసి నడుముకు గట్టిగా దోపుకుంది. అప్పుడు మొదలుపెట్టింది. అతని బి.ఏ.ను తిట్టింది, మల్లుగుడ్డను తిట్టింది, అతని చేతికి వెదురు ఇచ్చిన మామను తిట్టింది, గొర్రెలను అడ్డం పెట్టుకున్న ఉరుకుందప్పను గొర్రెలతో సహా తిట్టింది. "ముసిలిముండకి ఎర నేర్పుతాడంట! మంచం మీద కూసోబెట్టి మరీ! సదువులేని కుక్క గూడా పక్కింటి కూటికుండ సూసి తొలుగుతాది గదరా!"

దస్తగిరి మోకాటి లోతు నీళ్ళలో తల దించుకుని నిలబడ్డాడు. పైన ఒడ్డు మీద మున్నీ వచ్చి ఆగింది. నెత్తిన జొన్నల గంప. ఆమె నవ్వలేదు, పిలవలేదు. గంప దించకుండా వింటూ నిలబడింది.

తిట్లు పిండి దగ్గరికి వచ్చాయి. "ఉన్నదంతా వేయించినా కదరా. రొట్టెకని దాసుకున్న పిండి. కమ్మగా వేగుతాంటే కడుపు పట్టుకోని కూసున్నా, తినకుండా... నీ మాట నమ్మి ఏట్లో..." అక్కడ ఆమె గొంతు పోయింది. నోరు ఆడుతోంది గానీ మాట రాలేదు.

తిట్లన్నీ నిలబడి విన్నవాడు ఆ మౌనానికి నిలబడలేకపోయాడు. కళ్ళు నిండి నీళ్ళూ బుట్టా కలిసిపోయాయి. చెయ్యి సడలింది.

"బుట్ట గట్టిగా పట్టుకోరా" అంది పీరమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "కొట్టుకోని పోతాది."